గరుడ సేవ రాత్రి ఒక్క ఇంటి వల్ల ఊరంతా మసక: మల్టీకాస్ట్‌లో ఎవరి లాస్ వినాలి?

మంగళం_కేబుల్
ఆదివారం, రాత్రి 10:42

అందరికీ నమస్కారం. తిరుపతిలో మంగళం వైపు చిన్న కేబుల్, ఇంటర్నెట్ నెట్‌వర్క్ నడుపుతున్నాను. సుమారు 1,100 కనెక్షన్లు. టీవీ కూడా రెండేళ్ల నుంచి ఐపీలోనే, మల్టీకాస్ట్‌లో ఇస్తున్నాం, అంటే ఛానల్‌కు ఒక్క కాపీయే పంపితే దారిలో చీలి చూసేవాళ్లందరికీ చేరుతుంది. ఊళ్లో అంతా ఫైబర్. చంద్రగిరి దాటి ఒక పల్లెకు మాత్రం ఫైబర్ లాగలేక రేడియో లింక్ పెట్టాం, అక్కడ 60 ఇళ్లు.

సంగతి ఏమిటంటే, మా మేనల్లుడు ఇంజినీరింగ్ చదువుతున్నాడు. సెలవుల్లో వచ్చి ఒక స్క్రిప్ట్ రాశాడు. ప్రతి సెటప్ బాక్సూ పది సెకన్లకోసారి తనకు ఎన్ని ప్యాకెట్లు (డేటా ముక్కలు) పోయాయో హెడ్ఎండ్‌కు, అంటే ఛానళ్లు పంపే మా కేంద్రానికి, చెబుతుంది. ఏ బాక్స్ అయినా 1 శాతం పైన లాస్ (పోయిన ప్యాకెట్లు) చెబితే, వీడియోను కుదించే ఎన్‌కోడర్ బిట్‌రేట్ (సెకనుకు పంపే డేటా) సగానికి తగ్గిస్తుంది. పది నిమిషాలు ఎవరూ ఏమీ చెప్పకపోతే 10 శాతం పెంచుతుంది. "వెబ్, ఫోన్ డేటా మోసే టీసీపీ కూడా ఇంతే మామా, నెట్‌వర్క్ నిండితే తగ్గాలి" అన్నాడు. బాగానే ఉంది కదా అని ఒప్పుకున్నా. ముందు భక్తి ఛానల్ ఒక్కదానికే పెట్టాం.

గరుడ సేవ రాత్రి 800 బాక్సులు ఆ ఛానల్‌లోనే ఉన్నాయి. వాహనం ఇంకా బయటికి రాకముందే బిట్‌రేట్ 5 ఎంబీపీఎస్ నుంచి 2.5కి, అక్కడి నుంచి 1.25కి పడింది. తెల్లారేదాకా అక్కడే. గరుడ వాహనం మీద స్వామి ముఖం కనపడలేదు, బంగారు రంగు ముద్ద ఒకటి కదులుతోంది అంతే. ఫోన్ పక్కన పెడితే మోగుతుంది, ఎత్తితే తిట్లు. ఒక పెద్దామె అయితే "నాయనా, నాకు కంట్లో శుక్లాలు మళ్లీ వచ్చాయేమో అనుకున్నా" అంది.

తర్వాత లాగ్ తీసి చూస్తే రాత్రంతా లాస్ చెప్పింది ముఖ్యంగా ఒక్క ఇల్లు. 3 శాతం. మధ్యమధ్యలో పల్లె నుంచి కొన్ని. మిగతా 700 పైచిలుకు ఇళ్లకు సున్నా.

నా ప్రశ్న ఒకటే. పంపేది ఒక్కడు, చూసేది 800 మంది. ఎవరి మాట విని రేటు తగ్గించాలి?

---

కాణిపాకం_కుర్రోడు
రాత్రి 10:51

క్యూలో ఒకాయనకు కాలు బెణికిందని వైకుంఠంలో కంపార్ట్‌మెంట్లన్నీ ఆపేసినట్టుంది అన్నా మీ స్క్రిప్ట్ 😄

---

ఎస్వీయూ_స్కాలర్
రాత్రి 11:20

పై మాట సరదాకు అన్నా సరిగ్గా అదే జరిగింది. దీనికి పేరు కూడా ఉంది, డ్రాప్ టు జీరో అంటారు. మల్టీకాస్ట్ కంజెషన్ కంట్రోల్ (రద్దీని బట్టి రేటు అదుపు చేయడం) మీద పని మొదలుపెట్టినవాళ్లు చాలామంది ముందు ఈ గోతిలోనే పడ్డారు. కాబట్టి మీ మేనల్లుణ్ణి ఏమీ అనకండి.

టీసీపీలో పంపేవాడు ఒకడు, తీసుకునేవాడు ఒకడు. లాస్ వస్తే ఆ ఒక్క దారి నిండిందని అర్థం. మీ దగ్గర 800 దారులున్నాయి. ఒక్కో ఇంటికి పది సెకన్లలో లాస్ వచ్చే అవకాశం 200కి 1 అనుకోండి. అది చాలా మంచి నెట్‌వర్కే. అయినా 800 ఇళ్లలో కనీసం ఒక్కటైనా ఆ పది సెకన్లలో లాస్ చెప్పే అవకాశం 98 శాతం. అంటే ఎవరి లైనూ పాడు కాకపోయినా స్క్రిప్ట్‌కు ఎప్పుడూ ఎవరో ఒకరు ఏడుస్తూనే కనపడతారు. జనం పెరిగేకొద్దీ రేటు సున్నా వైపు పోతుంది. మీ ఆ ఒక్క ఇల్లు లేకపోయినా ఇదే జరిగేది, కాకపోతే కాస్త ఆలస్యంగా.

కాబట్టి మొదటి మాట: అందరి ఫిర్యాదులూ ఒకే కుండలో పోసి కలపకూడదు. ఒక్కో రిసీవర్ (మీ దగ్గర సెటప్ బాక్స్) తన లాస్ తానే కొంతకాలం సగటు తీసుకుని, తనకు ఎంత రేటు సరిపోతుందో తానే లెక్కగట్టి చెప్పాలి. 2006లో ఆర్ఎఫ్‌సీ 4654గా (ఆర్ఎఫ్‌సీలంటే ఇంటర్నెట్ సాంకేతిక పత్రాలు) వచ్చిన టీఎఫ్ఎంసీసీ అనే మల్టీకాస్ట్ పద్ధతి చేసేది అదే.

---

పలమనేరు_బీటెక్
రాత్రి 11:34

సార్, ఎంత రేటు సరిపోతుందో రిసీవర్‌కు ఎలా తెలుస్తుంది? పంపేవాడు కదా రేటు చూసుకునేది?

---

ఎస్వీయూ_స్కాలర్
రాత్రి 11:52

అదే దారిలో ఒక టీసీపీ కనెక్షన్ ఉంటే దానికి ఎంత వచ్చేదో లెక్కగట్టే సూత్రం ఉంది. సులువు రూపం చెబుతా. ప్యాకెట్ సైజును 1.22తో గుణించి, వచ్చిన దాన్ని రౌండ్ ట్రిప్ సమయంతోనూ (ప్యాకెట్ వెళ్లి జవాబు తిరిగొచ్చే సమయం), లాస్ వర్గమూలంతోనూ భాగించు. 1460 బైట్ల ప్యాకెట్, 100 మిల్లీసెకన్లు, 1 శాతం లాస్ అయితే సుమారు 1.4 ఎంబీపీఎస్ వస్తుంది. మన వీడియో అంతకు మించకుండా పోతే పక్కన బ్రౌజింగ్ చేసుకునేవాడి నోటి దగ్గర కూడు లాక్కోవడం లేదన్నమాట. టీసీపీ ఫ్రెండ్లీ అనే మాట ఇక్కడిదే. టీఎఫ్ఎంసీసీకి మూలమైన టీఎఫ్ఆర్‌సీ పద్ధతిలో టైమవుట్‌లను (జవాబు రాక ఆగిపోయిన సందర్భాలను) కూడా కలిపిన పెద్ద సూత్రం ఉంటుంది.

టీఎఫ్ఎంసీసీలో రిసీవర్లు ఈ లెక్క తామే వేసుకుంటాయి. అందరిలోకి తక్కువ వచ్చిన రిసీవర్ మాటే పంపేవాడు వింటాడు. ఆ రిసీవర్‌ను కరెంట్ లిమిటింగ్ రిసీవర్, అంటే ప్రస్తుతానికి రేటును కట్టడి చేస్తున్న రిసీవర్, అంటారు. మిగతావాళ్లు ఊరుకుంటారు. అందరూ ఒక్కసారే రిపోర్ట్ పంపితే పంపేవాడు మునిగిపోతాడు కాబట్టి తలా కాసేపు యాదృచ్ఛికంగా ఆగుతారు. రేటు తక్కువ ఉన్నవాడు తక్కువసేపు ఆగుతాడు. వాడి మాట వినపడితే మిగిలినవాళ్లు నోరు మూసుకుంటారు.

---

మంగళం_కేబుల్
సోమవారం, ఉదయం 6:15

రిపోర్ట్‌ల సంగతి భలే చెప్పారు. మాకు మొదటి వారం అదే జరిగింది. కరెంటు పోయి వస్తే బాక్సులన్నీ ఒకేసారి ఆన్ అవుతాయి. ఇక అన్నీ అదే సెకనుకు రిపోర్ట్ కొట్టేవి. సర్వర్ అంటే మా దగ్గర పాత డెస్క్‌టాప్. పది సెకన్లకోసారి గుడ్లు తేలేసేది. మా మేనల్లుడు ఒక్కో బాక్స్‌కు ఒక్కో టైము వచ్చేలా మార్చాడు, తగ్గింది.

---

రిటైర్డ్_ఎక్స్ఛేంజ్
ఉదయం 7:03

చిత్తూరు నుంచి. ముప్పై ఏళ్లు టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో చేసినవాణ్ణి. మీ సూత్రాలు బాగున్నాయి గానీ ఒక్క మాట అడుగుతాను. ఆ ఒక్క ఇంటికి మనిషిని పంపారా లేదా? 3 శాతం లాస్ రాత్రంతా ఒకే తీరుగా ఉందంటే అది రద్దీ కాదు నాయనా, లైన్ పాడు. రద్దీ అయితే సాయంత్రం పెరిగి అర్ధరాత్రికి తగ్గాలి. ఫైబర్‌లో వెలుగు ఎంత వస్తుందో కొలిచే పవర్ మీటర్ పెట్టి చూడండి.

---

పద్మావతిపురం_నెట్
ఉదయం 9:40

పెద్దాయన చెప్పింది నూటికి నూరు పాళ్లు. నేను నెట్‌వర్క్ ఇంజినీర్‌గా పన్నెండేళ్లుగా చూస్తున్నా, లాస్ అంటే రద్దీ అనుకోవడం అన్నిటికంటే పాత పొరపాటు. 1988లో వాన్ జేకబ్‌సన్ టీసీపీకి కంజెషన్ కంట్రోల్ రాసినప్పుడు ఆ ఊహ సరిపోయింది, ఎందుకంటే అప్పటి లింకుల్లో ప్యాకెట్ పోయిందంటే చాలావరకు క్యూ నిండే. 1986 అక్టోబరులో బర్కిలీ యూనివర్సిటీకీ, ఆ పక్కనే ఉన్న లారెన్స్ ల్యాబ్‌కూ మధ్య వేగం 32 కేబీపీఎస్ నుంచి 40 బీపీఎస్‌కు పడిపోయింది. మధ్య దూరం 400 గజాలు. మన రైల్వే స్టేషన్ నుంచి గోవిందరాజస్వామి గుడి దాకా అనుకోండి. అది చూసి పుట్టిందే ఇప్పటి టీసీపీ తీరు.

అన్నా, ఇంకో లెక్క చూడండి. మీ ఫైబర్ ఇంటికి రౌండ్ ట్రిప్ 5 మిల్లీసెకన్లు ఉంటుంది. అదే సూత్రంలో 5 మిల్లీసెకన్లు, 3 శాతం లాస్ వేస్తే 16 ఎంబీపీఎస్ పైన వస్తుంది. అంటే టీఎఫ్ఎంసీసీ పెట్టి ఉంటే మీ 5 ఎంబీపీఎస్ తగ్గేదే కాదు! అయినా ఆ ఇంట్లో బొమ్మ చూడలేరు. 5 ఎంబీపీఎస్ అంటే సెకనుకు 475 ప్యాకెట్లు, ఒక్కో దాంట్లో 188 బైట్ల వీడియో ముక్కలు ఏడు. 3 శాతం అంటే సెకనుకు 14 పోతాయి. కీ ఫ్రేమ్‌లో (మధ్యమధ్య వచ్చే పూర్తి బొమ్మ) ఒక్కటి పోయినా తర్వాతి కీ ఫ్రేమ్ వచ్చేదాకా తెర మీద గళ్లు గళ్లుగా నిలబడిపోతుంది.

నెట్‌వర్క్‌కు న్యాయమైన రేటు ఎంత అనేది ఒక ప్రశ్న, కంటికి బొమ్మ బాగుందా అనేది వేరే ప్రశ్న. మీ స్క్రిప్ట్ రెండిటినీ ఒకే అంకెతో కొలిచింది.

---

కాణిపాకం_కుర్రోడు
ఉదయం 9:58

ఇంతకీ యూట్యూబ్‌లో పెట్టేస్తే పోలేదా? ఈ రోజుల్లో మల్టీకాస్ట్ ఎవరు వాడుతున్నారు అన్నా?

---

మంగళం_కేబుల్
ఉదయం 10:20

800 ఇళ్లు, ఇంటికి 5. మొత్తం 4 జీబీపీఎస్. నా రింగ్, అంటే ప్రధాన ఫైబర్ లైన్, 1 జీబీపీఎస్. మల్టీకాస్ట్‌లో అదే ఛానల్ మొత్తం ఊరికీ 5 ఎంబీపీఎస్‌తో అయిపోతుంది. రింగ్ మార్చడానికి డబ్బు నువ్వు ఇస్తావా సామీ?

---

ఎస్వీయూ_స్కాలర్
ఉదయం 11:05

కుర్రోడి ప్రశ్నను కొట్టిపారేయలేం. 1989లో స్టీవ్ డీరింగ్ రాసిన ఆర్ఎఫ్‌సీ 1112తో ఐపీ మల్టీకాస్ట్‌కు రూపం వచ్చింది. 1992లో శాన్ డియెగోలో జరిగిన ఐఈటీఎఫ్ (ఇంటర్నెట్ ప్రమాణాలు రాసే సంస్థ) సమావేశం ఆడియో, ఎంబోన్ అనే ప్రయోగాత్మక మల్టీకాస్ట్ నెట్‌వర్క్ మీద ప్రపంచంలో పలు చోట్లకు వెళ్లింది. అప్పట్లో రేపు టీవీ అంతా ఇలాగే వస్తుందని అందరూ అనుకున్నారు. రాలేదు. నా పంపకం మీ రౌటర్లో కాపీలైతే ఆ ఖర్చు ఎవరిది అన్నది ఐఎస్పీల మధ్య తేలలేదు. ఎవరైనా ఏ మల్టీకాస్ట్ గ్రూప్‌లోకైనా (ఒక పంపకాన్ని అందుకునేవాళ్లంతా చేరే చిరునామా) పంపవచ్చంటే భద్రత ఏమిటన్నదీ తేలలేదు. అన్నిటికీ మించి రద్దీ వస్తే ఎవరు తగ్గాలన్న దానికి ఇంటర్నెట్ అంతటికీ పనికొచ్చే జవాబు దొరకలేదు. 2020లో ఆర్ఎఫ్‌సీ 8815 వచ్చి, నెట్‌వర్క్‌ల మధ్య ఎవరైనా పంపగలిగే ఆ పాత తరహా ఎనీ సోర్స్ మల్టీకాస్ట్‌ను ఇక వాడొద్దనే చెప్పింది. కానీ ఒక్క ఆపరేటర్ సొంత ఆవరణలో, ఐపీ టీవీలో, అది నిక్షేపంగా బతికే ఉంది. ఈ అన్న చేస్తున్నది అదే.

---

మంగళం_కేబుల్
మంగళవారం, సాయంత్రం 5:30

ఎక్స్ఛేంజ్ సార్, మీకు దండం.

ఆ ఇల్లు కపిలతీర్థం దగ్గర. నేనే వెళ్లా. పవర్ మీటర్ పెడితే మైనస్ 29 డీబీఎం (మైనస్ అంకె పెరిగితే వెలుగు తగ్గినట్టు). పక్కింట్లో మైనస్ 20. మా పరికరాలకు మైనస్ 27 దాటితే కష్టం. తీగ పట్టుకుని మేడ ఎక్కా. వేపచెట్టు నుంచి పిట్టగోడకు లాగిన డ్రాప్ కేబుల్ ఊయలలాగా సాగి ఉంది. గోడకున్న మేకు దగ్గర నిలువునా మడత పడింది. ఇంటాయన్ను అడిగితే చల్లగా చెప్పాడు, "కోతులు రోజూ దాని మీదే ఊగుతాయి కదా".

మరి ఫోన్ చేసి చెప్పొచ్చు కదండీ అంటే, "మేము టీవీ చూడం, పెట్టి వదిలేస్తాం, దేవుడి పాటలు వినపడతాయని" అన్నాడు. ఎవరూ చూడని టీవీ కోసం 799 ఇళ్లకు మసక బొమ్మ చూపించానన్నమాట!

కొత్త కేబుల్ లాగి, మేకు పీకి, క్లాంప్ వేశాం. ఇప్పుడు మైనస్ 21.

---

రిటైర్డ్_ఎక్స్ఛేంజ్
సాయంత్రం 5:41

కోతులకు దండం పెట్టండి. నాకెందుకు.

---

పలమనేరు_బీటెక్
సాయంత్రం 6:10

😂😂 సార్, నా ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్‌లో ప్రాబ్లం స్టేట్‌మెంట్ దొరికింది.

---

మంగళం_కేబుల్
రాత్రి 9:15

నవ్వులు సరే, కథ అయిపోలేదు. ఆ ఇల్లు బాగైనా నిన్న సాయంత్రం స్క్రిప్ట్ మళ్లీ తగ్గించడం మొదలుపెట్టింది. ఈసారి పల్లె. అది మాత్రం పెద్దాయన చెప్పినట్టు అసలు రద్దీయే, ఏడు నుంచి పదిన్నర దాకా. రేడియో నిజంగా ఇచ్చేది 80 ఎంబీపీఎస్. సాయంత్రం టీవీ ఛానళ్లు పది, పదకొండు కలిపి 45, 50 దాకా పోతాయి. ఇంకా 30 మిగలాలి కదా? మరి లాస్ ఎందుకు?

ఈ 60 ఇళ్ల కోసం ఊళ్లో వెయ్యి ఇళ్లకు తగ్గించాలా? తగ్గించకపోతే వీళ్ల గతేంటి? వాళ్లూ నెలకు అదే డబ్బు కడుతున్నారు.

---

పద్మావతిపురం_నెట్
రాత్రి 9:48

అన్నా, ఆ మిగిలిన 30 ఖాళీగా ఉండదు. ఫోన్లు ఉన్నాయి కదా. టీసీపీ తీరే అంత, నష్టం వచ్చేదాకా పెంచుకుంటూ పోతుంది, వచ్చాక తగ్గుతుంది, మళ్లీ పెంచుతుంది. ఒకే క్యూలో టీవీ ప్యాకెట్లూ ఫోన్ ప్యాకెట్లూ కలిసి నిలబడితే, క్యూ నిండిన క్షణంలో ఎవరు తోక దగ్గర ఉంటే వాళ్లు పోతారు. పోయిన ప్యాకెట్‌ను టీసీపీ మళ్లీ అడిగి తెప్పించుకుంటుంది, ఫోన్ వాడికి తేడా తెలియదు. మీ టీవీకి మళ్లీ అడిగే దారి లేదు, గళ్లు పడతాయి. తప్పు చేసింది ఒకరు, దెబ్బ తిన్నది ఇంకొకరు.

రెండు క్యూలు చేయండి. టీవీకి విడిగా, ముందు పోయేలా. కానీ 50 అని పైకప్పు వేయండి. లేకపోతే రేపు ఎవడో నాలుగు కొత్త ఛానళ్లు పెట్టగానే టీవీ మొత్తం తినేసి, కిరాణా కొట్లో ఫోన్‌పే ఆగిపోతుంది. మీ టీవీ పోయేది యూడీపీలో (పోయిన ప్యాకెట్‌ను మళ్లీ అడగని పద్ధతి), ఆ వీడియో తనంతట తాను తగ్గదు, గుర్తుంచుకోండి. ఫోన్ల క్యూకు ఎఫ్‌క్యూ కోడెల్ (క్యూను పొట్టిగా ఉంచి అందరికీ వంతులిచ్చే పద్ధతి) పెట్టండి. క్యూ పొడవు పెంచడం మాత్రం వద్దు. కంపార్ట్‌మెంట్లు ఎన్ని కట్టినా గర్భగుడి ముందు గంటకు పోయేది అంతమందే కదా, కూర్చునే సమయం పెరుగుతుంది అంతే.

---

కాణిపాకం_కుర్రోడు
రాత్రి 10:02

మరి రద్దీ పెరిగితే కొండ మీద ఏం చేస్తారు? లఘు దర్శనం, ఇంకా పెరిగితే మహాలఘు. దూరం నుంచే దండం పెట్టుకుని కదలాలి. స్వామి ఒక్కడే, దర్శనం క్వాలిటీ తగ్గిస్తారు. పల్లెకు మహాలఘు పెట్టండి 🙂

---

ఎస్వీయూ_స్కాలర్
రాత్రి 10:55

కుర్రోడు తెలిసి అన్నాడో తెలియక అన్నాడో, మల్టీకాస్ట్ పరిశోధనలో పెద్ద మలుపు అదే. 1996లో మెకేన్, జేకబ్‌సన్, వెటర్లీ ముగ్గురూ ఆర్ఎల్ఎం అని ఒక పద్ధతి తెచ్చారు. పంపేవాడు రేటు తగ్గించడు. వీడియోను పొరలుగా విడగొట్టి ఒక్కో పొరను ఒక్కో మల్టీకాస్ట్ గ్రూప్‌లో వదులుతాడు. కింది పొర ఉంటే బొమ్మ కనపడుతుంది, పై పొరలు కలిసేకొద్దీ తేటపడుతుంది. ఎన్ని పొరలు తీసుకోవాలో రిసీవరే తేల్చుకుంటుంది. లాస్ వస్తే పై పొర వదిలేస్తుంది. బాగుంటే కొంతసేపటికి ఇంకో పొరలో చేరి చూస్తుంది. దాన్ని జాయిన్ ఎక్స్‌పెరిమెంట్ అన్నారు. అది బెడిసికొడితే తర్వాతి ప్రయత్నానికి ఇంకా ఎక్కువసేపు ఆగుతుంది.

ఇందులో నాకు చాలా ఇష్టమైన చిక్కు ఒకటుంది. మీ పల్లెలో 60 బాక్సులూ ఒకే రేడియో వెనక ఉన్నాయి. ఒక ఇల్లు పై పొర కోసం ప్రయత్నిస్తే లింక్ నిండి 60 ఇళ్లకూ లాస్ వస్తుంది. ప్రయత్నించిన ఇంటికి సంగతి తెలుసు, వదిలేస్తుంది. మిగతా 59 ఇళ్లకు తెలియదు. మనకే ఎక్కువైంది కాబోలు అనుకుని ఉన్న పొర కూడా వదులుకుంటాయి. కాసేపటికి ఇంకో ఇల్లు ప్రయత్నిస్తుంది, మళ్లీ అదే కథ. అందుకని ఆర్ఎల్ఎంలో "నేను ప్రయత్నిస్తున్నాను" అని గ్రూప్ అంతటికీ ముందే చాటాలి. బెడిసికొడితే మిగతావాళ్లు కూడా అది చూసి నేర్చుకుంటారు.

---

పలమనేరు_బీటెక్
రాత్రి 11:08

వదిలేస్తే వెంటనే లాస్ ఆగిపోతుందా సార్?

---

ఎస్వీయూ_స్కాలర్
రాత్రి 11:25

మంచి ప్రశ్న. ఆగదు. గ్రూప్‌లో చేరతా, వదిలేస్తా అని బాక్సులు రౌటర్‌కు చెప్పే పద్ధతి ఐజీఎంపీ. దాని వెర్షన్ 2లో బాక్స్ "వదిలేశా" అన్నాక, ఇంకా ఎవరైనా చూస్తున్నారా అని రౌటర్ సెకను తేడాతో రెండుసార్లు అడుగుతుంది. ఎవరూ పలకకపోతేనే ఆపుతుంది. డిఫాల్ట్‌లో దాదాపు రెండు సెకన్లు. అంతసేపూ ఎవరికీ అక్కర్లేని ప్యాకెట్లు లింక్‌లో పోతూనే ఉంటాయి. టీసీపీ ఒక్క రౌండ్ ట్రిప్‌లో తగ్గుతుంది, అంటే మిల్లీసెకన్లు. ఇక్కడ సెకన్లు. ఛానల్ మార్చినా ఇదే, కాసేపు పాతదీ కొత్తదీ రెండూ వస్తాయి. సీరియల్‌లో ప్రకటనలు రాగానే పల్లెంతా రిమోట్ నొక్కితే ఎలా ఉంటుందో ఊహించండి.

దీన్ని దాటడానికి 2004లో వెబ్ఆర్‌సీ అనే పద్ధతిలో ఒక తెలివైన ఎత్తు వేశారు. ఒక్కో గ్రూప్ రేటును పంపేవాడే కాలంతో పాటు తగ్గించుకుంటూ పోతాడు. రిసీవర్ తగ్గాలంటే వదలనక్కర్లేదు, కొత్త దాంట్లో చేరకుండా ఊరుకుంటే చాలు, రేటు దానంతట అదే కిందికి జారుతుంది. ఈ రంగంలో ఇంత ముచ్చటైన ఆలోచన నేను ఇంకోటి చూడలేదు.

---

మంగళం_కేబుల్
బుధవారం, ఉదయం 6:40

చదవడానికి బాగుంది గురువు గారూ. నా సెటప్ బాక్స్ 1,400 రూపాయల సరుకు. పొరల వీడియో దానికి రాదు. ఒకే ఛానల్‌ను రెండు గ్రూపుల్లో పంపగలను, 5తో ఒకటి, 1.8తో ఒకటి. లాస్ వస్తే బాక్స్ చిన్నదానికి మారేలా మా వాడు రాయగలనంటున్నాడు. పెట్టమంటారా?

---

పద్మావతిపురం_నెట్
ఉదయం 8:12

జాగ్రత్త అన్నా. పొరలకూ ఇలా రెండు కాపీలు పంపడానికీ తేడా ఇక్కడే తెలుస్తుంది. పొరలైతే పల్లెలో ఒకరు పైది చూసినా కింది పొర అందరిదీ ఒకటే. రెండు కాపీలైతే 59 ఇళ్లు చిన్నదానికి దిగి, ఒక్క ఇల్లు పెద్దదాని మీదే కూర్చుంటే రేడియో మీద 5, 1.8 రెండూ పోతాయి. అంటే తగ్గుదామని దిగితే 6.8 అయింది! దిగితే అందరూ దిగాలి, లేకపోతే ఎవరూ దిగొద్దు. ఇంటింటికీ వదిలేసే నిర్ణయం కాదిది. టవర్ దగ్గరున్న స్విచ్‌లో ఐజీఎంపీ ఫిల్టర్ పెట్టి, పల్లె పోర్ట్‌కు పెద్ద గ్రూప్ రాకుండా ఆపేయండి. అలాగే ఒకేసారి ఎన్ని గ్రూపులు పోవచ్చో పరిమితి పెట్టండి.

ఎఫ్ఈసీ (పోయినవి తిరిగి కట్టుకునేలా అదనపు ప్యాకెట్లు పంపడం) పెడదామని ఎవరైనా అంటారేమో, ముందే చెబుతున్నా. కోతుల తీగ లాంటి లాస్‌కు ఎఫ్ఈసీ మందు. రద్దీ లాస్‌కు పెడితే అదనపు ప్యాకెట్లతో రద్దీ ఇంకా పెరుగుతుంది.

---

ఎస్వీయూ_స్కాలర్
ఉదయం 8:50

ఫిల్టర్ పెట్టడం కంజెషన్ కంట్రోల్ కాదు మేడం. అది ముందే కొలిచి గేటు వేయడం. రేపు రేడియో సామర్థ్యం 80 నుంచి 50కి పడితే మీ గేటుకు ఏం తెలుస్తుంది? కళ్లు మూసుకుని 50 వదులుతుంది.

---

పద్మావతిపురం_నెట్
ఉదయం 9:05

నిజమే, తెలియదు. కానీ సొంత ఆవరణలో, లింకులన్నీ మన చేతిలో ఉన్నచోట, ముందే కొలిచి గేటు వేస్తే చాలాచోట్ల సరిపోతుంది. యూడీపీ వాడేవాళ్లకు మార్గదర్శకంగా 2017లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 8085 కూడా, సామర్థ్యం ముందే కేటాయించిన అదుపులో ఉన్న నెట్‌వర్క్‌ను బయటి ఇంటర్నెట్‌తో కలిపి చూడలేదు. బయటికి పోతే మాత్రం మీరన్నదే సరి, అక్కడ గేటు వేసే హక్కు ఎవరికీ లేదు.

సామర్థ్యం పడిపోతే అంటారా, దానికి సర్క్యూట్ బ్రేకర్ పెట్టుకోవచ్చు. పల్లెలో సగానికి పైగా బాక్సులు ఒకే నిమిషంలో లాస్ చెబితే అది ఒక ఇంటి జబ్బు కాదు, లింక్ జబ్బు. అప్పుడు చివరి రెండు ఛానళ్లు ఆపేయాలి.

---

రిటైర్డ్_ఎక్స్ఛేంజ్
ఉదయం 9:30

ఈ చివరి మాట బాగుంది. మా రోజుల్లోనూ ఒక్క నంబర్ మోగకపోతే లైన్‌మన్ వెళ్లేవాడు, వంద నంబర్లు మోగకపోతే కేబుల్ తవ్వేవాళ్లం.

---

ఎస్వీయూ_స్కాలర్
ఉదయం 9:44

సగం అన్న అంకె ఎక్కడిది మేడం? మూడో వంతు ఎందుకు కాకూడదు?

---

పద్మావతిపురం_నెట్
ఉదయం 9:52

చేత్తో పట్టి చూసిన అంకె. పేపర్ రాసేది మీరు, ఏది సరైనదో తేల్చి చెప్పండి. మారుస్తాం.

---

మంగళం_కేబుల్
తర్వాతి ఆదివారం, రాత్రి 11:10

నాలుగు రోజులు చూసి రాస్తున్నా.

ఊళ్లో స్క్రిప్ట్ రేటు తగ్గించే పని మానేసింది. రిపోర్ట్‌లు మాత్రం వస్తాయి. ఒకే ఇల్లు గంటసేపు ఆగకుండా లాస్ చెబితే లైన్‌మన్ ఫోన్‌కు మెసేజ్ పోతుంది. ఈ నాలుగు రోజుల్లో మూడు ఇళ్లు అలా దొరికాయి. ఒకటి ఎలుక, ఒకటి షోకేసు వెనక నలిగిన తీగ. మూడోది మావాడు గట్టిగా నొక్కని కనెక్టర్, దానికి మాత్రం తిట్టాను.

పల్లెకు చిన్న గ్రూప్ ఒక్కటే. రెండు క్యూలు, టీవీకి 50 పైకప్పు. బుధవారం సాయంత్రమే మార్చా, ఆ రాత్రి నుంచి గళ్లు లేవు. బొమ్మ ఊళ్లో ఉన్నంత తేటగా లేదని ఇద్దరు అడిగారు. ఫైబర్ వచ్చేదాకా ఇంతే అన్నా. ఒకాయన ఒప్పుకున్నాడు, ఇంకొకాయన నెలకు యాభై తగ్గించమన్నాడు. అడగడంలో తప్పులేదు, తగ్గించా.

మేడం చెప్పిన సగం లెక్క మా మేనల్లుడు రాస్తున్నాడు. తిరుచానూరు అమ్మవారి పంచమీ తీర్థం లోపల పెట్టాలి. ఆ రోజు కూడా ఊరంతా ఒకే ఛానల్‌లో ఉంటుంది.

---

పలమనేరు_బీటెక్
రాత్రి 11:22

అన్నా, ఇళ్ల వివరాలు తీసేసి ఆ లాస్ లాగ్‌లు ఇస్తారా? గరుడ సేవ రాత్రివి ముఖ్యంగా. సగమా, మూడో వంతా అన్నది దాని మీద ఆడించి చూస్తా.

---

మంగళం_కేబుల్
రాత్రి 11:30

ఇస్తా తమ్ముడూ. పెన్ డ్రైవ్ తీసుకుని ఆఫీసుకు రా. మా మేనల్లుడూ ఉంటాడు, ఇద్దరూ కూర్చుని తేల్చుకోండి. పొద్దున పదకొండు దాటాక రా, అంతవరకు కపిలతీర్థం దగ్గర ఉంటా. కోతులు కొత్త కేబుల్ కూడా కనిపెట్టాయట.